అక్షరాలు తీసేసిన ఆదివారాలు

మంగళవారం పొద్దున మా మామయ్య పోయారు. దిల్‌సుఖ్‌నగర్‌లో నేను పనిచేసే కోచింగ్ సెంటర్‌లో అప్పుడే తాళాలు తీసి కుర్చీలు సర్దుతున్నాను. ఆస్పత్రి నుంచి మా ఆయన ఫోన్ చేసి "నాన్న పోయిండు" అన్నాడు, అంతే. గుండె అని, సోమవారం అన్నం తినేటప్పుడు కూడా బాగానే ఉన్నారని వచ్చినవాళ్లందరికీ తర్వాత నేనే చెప్పాను. ఆ క్షణంలో మాత్రం నాకు ముందుగా గుర్తొచ్చింది, చెబితే నవ్విపోతారు, సగంలో ఆగిపోయిన సినిమా. ఆదివారం చూస్తూ చూస్తూ, "జర అలిసినట్టున్నది బిడ్డా, మిగిలింది వచ్చే ఆదివారం సూద్దాం" అని లేచి వెళ్లి పడుకున్నారు. ఆ మిగిలింది ఇక ఎవరితో చూడాలి అనుకుంటూ, బండి తాళం చేతిలో పట్టుకుని మెట్ల మీద కూలబడ్డాను.

ఆయన గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్‌లో ఒక కమీషన్ దుకాణంలో గుమాస్తా. మార్కెట్ అక్కడి నుంచి తరలిపోయాక పని కూడా పోయింది. కొన్నాళ్లపాటు పొద్దున్నే మన్సూరాబాద్ నుంచి బస్సెక్కి పోయి, మూసి ఉన్న గేటు ముందు కాసేపు నిలబడి వచ్చేవారు. అడిగితే కొత్తపేట రైతుబజారుకు పోయొచ్చానని చెప్పి, సాక్ష్యంగా రెండు బొప్పాయి పండ్లు చూపించేవారు. ఆ బొప్పాయిలు తినీ తినీ మా పాపకు వాటి పేరెత్తితేనే మొహం మొత్తింది.

మా పుట్టిల్లు గుంటూరు వైపు. పెళ్లయిన కొత్తలో "మామయ్యగారూ" అని పిలిస్తే, "గారు తీసెయ్ బిడ్డా, నాకు బరువైతది" అన్నారు. నేను తీయలేదు. ఆ మాట అనడం ఆయనా మానలేదు.

ఇంట్లో సినిమా పిచ్చి నాది. ఏ దేశం సినిమా అయినా సరే, ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నాలు తిన్నాక టీవీ ముందు చేరాల్సిందే. తెర కింద ఇంగ్లిషులో మాటలు పడుతుంటే నేను, మా ఆయన, పాప చదువుకుని నవ్వుకునేవాళ్లం. అత్తయ్యకు ఇంగ్లిషు రాదు. మామయ్యకు తెలుగు, కాస్త ఉర్దూ తప్ప రావు. ఇద్దరూ గుళ్లో బొమ్మల్లా కూర్చునేవారు.

ఒక ఆదివారం ఆయన ఉన్నట్టుండి, "గా అచ్చరాలు తీసెయ్యరాదు బిడ్డా" అన్నారు. అవి తీసేస్తే కథ ఎలా తెలుస్తుందని నాకు ఒళ్లు మండింది. "తీసెయ్, అందరికీ ఒక్క తీరుగ ఉంటది" అన్నారు. అత్తయ్య కోసం అడుగుతున్నారనుకున్నాను. రిమోట్‌తో తంటాలు పడి, భాషల పేర్లున్న చోటు వెతికి పట్టుకుని, అన్నిటికన్నా పైన ఉన్న ఆఫ్ నొక్కితే పోయాయి. పోయాయంటే ఆ పూటకే. మళ్లీ టీవీ పెడితే పిలవని పేరంటానికి వచ్చినట్టు మళ్లీ ప్రత్యక్షం. చివరికి ఆ పని ఆయనే నేర్చుకున్నారు. సినిమా మొదలవగానే బాణం గుర్తు పైకి, పైకి, నొక్కడం. "పోయినయ్" అని రిమోట్ ఒళ్లో పెట్టుకునేవారు.

అక్కడి నుంచి మా ఇంట్లో సినిమా అంటే వాదులాటే. ఎవరికి ఎవరు ఏమవుతారో, ఎందుకు ఏడుస్తున్నారో తలా ఒక మాట. తెగనప్పుడు అందరం మామయ్య వైపు తిరిగేవాళ్లం. ఆయన తడుముకోకుండా చెప్పేవారు. ఒకసారి ఇద్దరు మగవాళ్లు బల్లకు అటూ ఇటూ కూర్చుని ఎంతకీ మాటలు ఆపకపోతే, "అన్నదమ్ములు. బోరుబావి కాడ పంచాయితీ. చిన్నోడు ఒప్పుకుంటడు సూడు, వాని కండ్లు అప్పుడే ఒప్పుకున్నయ్" అన్నారు. ఉండబట్టలేక మర్నాడు ఒక్కదాన్నే అక్షరాలు పెట్టుకుని చూశాను. పెద్దవాడు పోలీసు, చిన్నవాడు దొంగ. చిన్నవాడు ఒప్పుకున్న మాట నిజమే. బోరుబావి మాత్రం ఎక్కడా లేదు. నిజం చెప్పొద్దూ, బోరుబావి కథే బాగుంది.

అసలు సంగతి ఒక సెలవు రోజు మధ్యాహ్నం తెలిసింది. వంటింట్లోంచి వచ్చేసరికి మామయ్య ఒక్కరే సినిమా చూస్తున్నారు. తెర మీద ఒకామె పాడుతోంది. నన్ను చూసి, "ఏం గొంతు బిడ్డా ఆమెది" అన్నారు. టీవీలోంచి చిన్న శబ్దం కూడా రావడం లేదు. పాప తన ఇయర్‌ఫోన్స్ టీవీకి కలుపుకుని, అలాగే వదిలేసి ట్యూషన్‌కు పోయింది. పాటంతా సోఫా మూల పడున్న ఆ రెండు గింజల్లోనే మోగుతోంది. నా మొహం చూసి ఆయనకే అర్థమైపోయింది.

పక్కన కూర్చుని ఆయన చేతి మీద చెయ్యి వేశాను. మార్కెట్‌లో ఉండగానే వినబడటం తగ్గిందట. వేలంపాట లొల్లిలో ఎవరి మాటా ఎవరికీ వినబడదు గనుక ఎవరూ కనిపెట్టలేదట. దవాఖానకు పోయి చెవి మిషను కూడా తెచ్చుకున్నారు. పెట్టుకుంటే గిన్నెల చప్పుడు, బండ్ల హారన్లు అన్నీ ఒక్కసారే మీద పడి తల పగిలిపోయేదట. బీరువాలో పడేశారు. ఇంట్లో చెబుదామన్నాను. తల అడ్డంగా ఊపారు.

"చెప్పకు బిడ్డా. తెలిస్తే నాతోని మాట్లాడుడు తగ్గిస్తరు. గట్టిగ ఒర్రుతరు, లేకుంటే ముసలోనికి ఏం చెప్తం తీ అని ఊకుంటరు. మన సినిమా పెడితే మీరందరు నవ్వుతరు, నేను మీ మొకాలు సూసి నవ్వుతా. గీ సినిమాల ఎవ్వరికీ ఏం తెల్వదు. గా రెండు గంటలు నేను గూడ మీ లెక్కనే."

అందరికీ ఒక్క తీరు అంటే ఇదన్నమాట. వంటింట్లోకి పోయి, వినబడకుండా నల్లా తిప్పి ఏడ్చాను. తిప్పక్కర్లేదని గుర్తొచ్చి ఇంకా ఏడ్చాను.

మాట తప్పలేదు నేను. ఆయనతో ఏదైనా చెప్పాలంటే ముందు చేతిని మెల్లగా తట్టి, నా వైపు తిరిగాక, ఎదురుగా నిలబడి మాట్లాడేదాన్ని. వెనక నుంచి ఎవరైనా పిలిస్తే నేనే అందుకుని ఆయన ముందుకు వెళ్లి చెప్పేదాన్ని. మా పాప ఎప్పుడు గమనించిందో గానీ, అదీ తాత చేతిని తట్టి అడగడం మొదలుపెట్టింది. చర్చిలో ఆయన పాట అందరికన్నా ఒక మాట వెనకబడి ఉండేది. ముసలాయనకు తాళం తెలియదని వెనక వరుసవాళ్లు నవ్వితే నాకు వాళ్ల మీద పట్టరాని కోపం వచ్చేది. ఆయన ఎదురుగా నిలబడి పాడించేవాళ్ల పెదాలు చూసి పాడుతున్నారని ఎలా చెప్పను?

సమాధి దగ్గర అందరూ పాడారు. ఒక మాట వెనక వచ్చే ఆ గొంతు కోసం చెవులు నిక్కించి విన్నాను. పాట అందరితోపాటే అయిపోయింది.

వచ్చే ఆదివారం అన్నారు కదా, అది వచ్చింది. చుట్టాలు వెళ్లిపోయారు. అన్నాలు ఎవరూ సరిగ్గా తినలేదు. ఏం చేయాలో తోచక మా ఆయన టీవీ పెట్టాడు. సినిమా ఆగిన చోటి నుంచే మొదలైంది, కింద అక్షరాలతో సహా.

"అవి తీసెయ్ కొడుకా" అంది అత్తయ్య.

తీశాడు. అప్పుడు చెప్పాను, ఇయర్‌ఫోన్స్ దగ్గర మొదలుపెట్టి అంతా. ఆయనతో మాట్లాడటం తగ్గించేస్తారనే కదా దాచమన్నారు. ఇక తగ్గడానికి ఏముంది? అత్తయ్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మా ఆయన రిమోట్‌తో శబ్దం తగ్గిస్తూ తగ్గిస్తూ పూర్తిగా తీసేశాడు.

ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ లేదు. తెర మీద ఒకామె గుమ్మంలో నిలబడి, ఎక్కడికో బయల్దేరిన ముసలాయన కోటు గుండీలు పెడుతూ ఏదో చెబుతోంది. పెదాలు కదులుతున్నాయి. మా పాప తెర మీది నుంచి చూపు తిప్పకుండానే, పక్కనున్న మామయ్య కుర్చీ చేతిని మెల్లగా తట్టి, "ఏమంటుంది తాతా?" అంది.

తట్టిన చెయ్యి అక్కడే ఉండిపోయింది.