వెనక వసారాలో ఆనపబుర్రలు

కాగితం మిల్లు కడుతున్న రోజుల్లో రాయగడ స్టేషనులో దిగిన ప్రతి కొత్త మనిషీ ముందు అడిగేది ఒకటే: ఇక్కడ భోజనం ఎక్కడ బాగుంటుంది? దానికి జవాబు చెప్పే పని నాకు పడింది. పక్కనే మిల్లు లేస్తున్న జేకేపూర్‌లో నేను ఒక కంట్రాక్టరు దగ్గర స్టోరు గుమస్తాను. సామాను దిగినా మనుషులు దిగినా ముందు నా బల్ల దగ్గరికే వచ్చేవారు.

మాది తాతల నాటినుంచి దివాణం కొలువులో ఉన్న కుటుంబం. ఒరిస్సా వేరే రాష్ట్రమైన ఏడు నాకు పదహారేళ్ళు. తరవాత ఎస్టేటూ పోయింది, కొలువూ పోయింది. భార్యాపిల్లల్ని కోరాపుట్‌లో ఉంచి, రాయగడలో ఒక గది తీసుకుని మిల్లు పనిలో చేరాను. వండిపెట్టే దిక్కు లేదు కాబట్టి ఊళ్ళో అన్ని హోటళ్ళూ నాకు నోటికి వచ్చు.

ఆ రెండు మూడేళ్ళూ రాయగడ చిన్న ఊరనిపించలేదు. కలకత్తానుంచి ఇంజనీర్లు, పంజాబునుంచి వెల్డర్లు, కేరళనుంచి ఫిట్టర్లు దిగారు. వాళ్ళ వెనకే వాళ్ళ వంటలూ వచ్చాయి. స్టేషను ఎదురుగా పొద్దున్నే ఇడ్లీ, అల్లం పచ్చడి. బజారులో మార్వాడీల భోజనశాల, బాసాలో నెయ్యి రాసిన పుల్కాలు. ఒడియా హోటల్లో కూరముక్కలు వేసి వండిన పప్పు డాల్మా, ఎండాకాలమైతే పఖాళ, అంటే నీళ్ళలో పులిసిన చద్దన్నం. లారీలు ఆగేచోట పంజాబీ రొట్టెలు. మలయాళీ కొట్టులో టీ అంత ఎత్తునుంచి పోస్తుంటే తాగడానికంటే చూడ్డానికి వెళ్ళేవాళ్ళే ఎక్కువ. ఎవరి ముఖం చూసి వాళ్ళకు తగ్గ చోటు చెప్పేవాణ్ణి. చివర మాత్రం అందరికీ ఒకే మాట: "ఇవన్నీ సరే, ఒక్కసారి అప్ప దగ్గర తినండి."

అప్ప శ్రీకాకుళం వైపు రైతుకుటుంబం మనిషి. భర్త పోయాక అన్నగారి ఊరు గుణుపురం చేరి, మిల్లు వస్తోందని విని ఇక్కడికొచ్చి రెండు గదుల పెంకుటిల్లు అద్దెకు తీసుకుంది. నాగావళి చేపల పులుసు, ఉలవచారు, వానాకాలం వెదురు కొమ్ముల కూర. ఆ కూర వడ్డిస్తూ, "తినండి బాబూ, ఇది పెద్దదయిందంటే మీ మిల్లు తినీస్తాది. సిన్నప్పుడే మనం తినీయాల" అనేది. తెలుగువాళ్ళు అక్క వరసన అప్ప అని పిలిస్తే, మిగిలినవాళ్ళు పిన్ని వరసన మౌసీ అనేవారు. అందరూ నేలమీద ఒకే బంతిలో కూర్చునేవారు, అడ్డాకుల విస్తళ్ళలో.

ఒక మధ్యాహ్నం స్టోర్సుకు కొత్తగా వచ్చిన బెంగాలీ ఆఫీసర్ని వెంటబెట్టుకు వెళ్ళాను. నా మాటకు అక్కడ ఎంత విలువో ఆయనకు చూపించాలని నా ఉబలాటం. గుమ్మంలోనుంచే కేకేశాను.

"అప్పా, మా ఆఫీసరు గారొచ్చారు. రెండు ఆకులు వెయ్యి."

"బంతి నిండిపోనాది బాబూ. ఈలు లెగిసేక కూకుందురు."

"ఎవరినైనా కాస్త జరగమను. ఆయన చాలా పెద్ద ఆఫీసరు."

"ఆకలికి సిన్నా పెద్దా ఉంటాదేటి? అలా అరుగుమీద కూకోండి." గరిటె ఆపకుండానే ఇంకో మాట వేసింది. "దివాణం పోయి ఎన్నేళ్ళయింది బాబూ, నువ్వింకా పల్లకీ దిగనేదేటి?"

బంతి బంతంతా నవ్వింది. తెలుగు రాని ఆఫీసరు కూడా వాళ్ళను చూసి నవ్వాడు. నేనూ నవ్వినట్టు ముఖం పెట్టి అరుగుమీద కూర్చున్నాను. చేపల పులుసు ఆ రోజు ఎలా ఉందో నాకు గుర్తులేదు.

తరవాత వచ్చిన సంతరోజున భోంచేసి చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాను. వెనక వసారాలో దూలానికి వరసగా ఎండిన ఆనపబుర్రలు వేలాడుతున్నాయి. మూతిలో ఆకులు కుక్కి ఉన్నాయి. పుల్లటి వాసన వేసింది. మాలాంటి కొలువు కుటుంబాలవాళ్ళకు ఆనపబుర్ర అంటే ఒకటే, కొండవాళ్ళ జీలుగు కల్లు. చిన్నప్పటినుంచీ మా పెద్దవాళ్ళు దాన్ని చూపించి ముక్కు మూసుకోవడమే చూశాను. దగ్గరికి వెళ్ళి చూడాలని కూడా నాకు తోచలేదు.

సాయంత్రం మలయాళీ కొట్టులో టీ తాగుతూ ఆ ఆఫీసరుకీ, ఇద్దరు ఫోర్‌మన్లకీ చెప్పాను, గొంతు తగ్గించి: "మౌసీ వంట ఎందుకంత రుచో ఇవాళ తెలిసింది. వెనక కల్లు దాచి అమ్ముతోంది. ఆ చేతులతోనే మనకు వడ్డన."

అంతకంటే ఏమీ అనలేదు. అంతకంటే అనవలసిన పని లేకపోయింది. వారం తిరిగేసరికి మిల్లు కాలనీ అంతా ఆ ఇంటిని కల్లు హోటలు అంటోంది.

ఇక్కడిదాకా నాది పొరపాటు అనుకోవచ్చు. తరవాతది పొరపాటు కాదు.

మళ్ళీ సంతరోజు కాస్త ఆలస్యంగా వెళ్ళాను. అప్పుడే సంత ముగించుకుని కొల్నార వైపు కొండలకు తిరిగి వెళ్ళే కోదు తెగ ఆడవాళ్ళు పెరటి దారిన వచ్చి, ఎవరి బుర్ర వాళ్ళు దించుకున్నారు. ఆకుదొప్పల్లోకి వంచుకున్నారు. చిక్కగా, గోధుమరంగులో జారింది. చోడి అంబలి, అంటే రాగి జావ. తెల్లారకముందే ఇంటి దగ్గర పోసుకుని తెచ్చుకున్న తిండి అది. మనకు విస్తళ్ళు కుట్టే అడ్డాకులు అప్పకు తెచ్చి ఇచ్చేది వాళ్ళే. సంతలో ఎండకు అంబలి మరీ పులిసిపోతుందని ఆమె తన వసారా నీడలో వేలాడదీసుకోమంది. ఆ కొండవాళ్ళ మధ్య ఇన్నేళ్ళు బతికాను. ఆనపబుర్రలో అంబలి మోస్తారన్న సంగతి ఆ రోజే చూశాను.

నేను గుమ్మంలో ఉన్నానని చూసి అప్ప దగ్గరికి వచ్చింది. ఎంత పొద్దుపోయినా నిండి ఉండే బంతిలో ఆ పూట నలుగురే ఉన్నారు.

"సూసేవు కదా బాబూ. సోడంబలి. దీన్ని కల్లంటన్నారట మీ కాలనీలో."

"అవునా" అన్నాను.

"బుర్రలు తీయించీమని సెప్తన్నారు అందరూ. ఆల కూడు ఎండలో ఎట్టీమంటే ఎలాగ? ఆలు ఆకు తేకపోతే మీకు ఎందులో ఎడతాను?" కాసేపు నా ముఖంలోకి చూసింది. "నువ్వు సెప్తే కాలనీవోలు ఇంటారు. ఇదేటో కళ్ళారా సూసేవు. నువ్వు సెప్పు బాబూ."

"చూస్తాలే అప్పా" అన్నాను.

చెప్పలేదు. చెప్పాలంటే ముందు ఆ మాట పుట్టింది నా నోట్లోనే అని ఒప్పుకోవాలి. ఊళ్ళో తిండి సంగతి తెలిసినవాడిగా నాకున్న పేరు పోతుంది. టీ కొట్టులో ఆ సంగతి వచ్చిన ప్రతిసారీ గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాను. కొత్తగా దిగినవాళ్ళు భోజనం ఎక్కడని అడిగితే ఇడ్లీ, పుల్కాలు, డాల్మా చెప్పి ఆగిపోయేవాణ్ణి. వానాకాలం వెళ్ళేలోగా ఆమె పొయ్యి ఆర్పేసి, అండాలు బండిమీద వేసుకుని గుణుపురం వెళ్ళిపోయింది. చివరిదాకా ఆ బుర్రలు మాత్రం తీయించలేదు.

మూడేళ్ళు గడిచాయి. మొన్న పనిమీద గుణుపురం వెళ్ళినప్పుడు వెతుక్కుంటూ పోయాను. బస్సులు ఆగేచోటికి వెనక సందులో, ఇదివరకటికంటే చిన్న ఇల్లు. నన్ను చూసి గుర్తుపట్టింది. "గుమస్తా బాబు! పిల్లలు బాగున్నారా?" అంది. బంతి నిండి ఉంది. నేను అడక్కుండానే అరుగుమీద కూర్చున్నాను.

భోజనమయ్యాక, అందరూ వెళ్ళాక చెప్పాను. ఆ మాట అన్నది నేనేనని, తెలిశాక కూడా నోరు విప్పలేదని.

ఆమె విస్తళ్ళు ఎత్తుతూనే వింది. "నాకు తెలుసు బాబూ. ఆ ఫోర్‌మేనుల్లో ఒకడు మర్నాడే వచ్చి సెప్పేడు."

"మరి తెలిసీ నన్నే ఎందుకు అడిగావు, చెప్పమని?"

"నువ్వు కాక ఎవులు సెప్తారు? కట్టినోడే ముడి ఇప్పాల." చెయ్యి కడుక్కుని వచ్చి గడపమీద కూర్చుంది. "అప్పుడు రెండు నెలలు సూసేను నీకోసం. ఈయేళ సెప్తాడు, రేపు సెప్తాడు అనీసి."

"నన్ను క్షమించు అప్పా."

"నా కాడ ఏడిస్తే ఏటి లాభం బాబూ? నాను కల్లు అమ్మనేదని నాకు తెలీదేటి? తెలీనోలకి సెప్పు."

వాళ్ళు ఇప్పుడు ఎక్కడున్నారు? ఆఫీసరు కలకత్తా తిరిగి వెళ్ళాడు. ఫిట్టర్లు, వెల్డర్లు ఇంకో మిల్లు కట్టడానికి పోయారు. జేకేపూర్‌లో మిగిలిన కొద్దిమందికీ చెప్పాను. ఒకాయన "ఇంకా ఆ కల్లు హోటలు గోలేనా?" అని నవ్వాడు. మనిషి మనిషికీ వెళ్ళి చెప్పడం నావల్ల అయ్యేట్టు లేదు. అందుకే ఇది రాస్తున్నాను. ఆ ఇంట్లో కల్లు లేదు. ఉన్నది కొండ దిగి వచ్చిన ఆడవాళ్ళ మధ్యాహ్నపు తిండి. నేను ముందు తెలియక అన్నాను, తెలిశాక దాచాను.

ఇప్పుడు నన్నెవరైనా భోజనం ఎక్కడని అడిగితే, రాయగడలో తినే చోట్లు మునుపటిలాగే చెప్తాను. చివరి మాట కూడా మళ్ళీ చెప్తున్నాను. గుణుపురం వెళ్ళేవాళ్ళు బస్సు దిగి వెనక సందులోకి తిరగండి. ఉలవచారు అడగండి, దొరికితే వెదురు కొమ్ములు కూడా. చెయ్యి కడుక్కోవడానికి వెనక్కి వెళ్తే వసారాలో ఆనపబుర్రలు కనిపిస్తాయి. అక్కడ అవి సవర ఆడవాళ్ళవి. బంతి నిండి ఉంటే మాత్రం అరుగుమీద కూర్చోండి. ఎంత పెద్దవాళ్ళయినా అంతే.