కంట్లో చుక్కల సంగతి నన్నెవరూ అడగలేదు

హనుమకొండ సుబేదారిలో ఆఫీసుల ముందు టేబుల్ వేసుకుని జనానికి దరఖాస్తులు రాసిపెట్టడం నా పని. ఎవరి కాగితమైనా సరే, ముట్టినట్టు సంతకం తీసుకోనిదే వాళ్లను కదలనివ్వను. అలాంటి నేను గుండె దవాఖానకు మూడుసార్లు రాసి ఇస్తే ఇంతవరకు జవాబు లేదు. మూడోసారి కౌంటర్‌లో అమ్మాయి నా కాగితం తీసుకుని, దాని మీద టీ గ్లాసు పెట్టింది. అందుకే జరిగింది జరిగినట్టు ఇక్కడ రాస్తున్నాను.

పోయిన వానాకాలంలో ఒక రైతుకు పాస్‌బుక్ దరఖాస్తు రాస్తుంటే గుండె దడదడ కొట్టుకుంది. పెన్ను కింద పెట్టినా ఆగలేదు. ఆ సాయంత్రమే ఊళ్లోని గుండె దవాఖానకు వెళ్లాను. బీపీ ఎక్కువ ఉందన్నారు, ఈసీజీ తీశారు. జూనియర్ డాక్టరు ఫైలు రాసుకుంటూ, తల ఎత్తకుండానే అడిగాడు.

"ఇంతకు ముందు ఏమన్నా గోలీలు వాడుతున్నరా అంకుల్?"

"లేదు," అన్నాను. నిజమే చెప్పాను. కంటి ప్రెషర్‌కు రెండేళ్లుగా పొద్దున, సాయంత్రం చుక్కలు వేసుకుంటున్నాను గాని, గోలీ అంటూ ఒక్కటీ మింగలేదు.

పెద్ద డాక్టరు మెటోప్రొలాల్ రాశారు. దడ తగ్గింది. నెల తిరిగేసరికి కాళ్లు చల్లబడడం, మూడు మెట్లు ఎక్కితే అలసట మొదలయ్యాయి. వెళ్లి చెబితే ఆ జూనియరే, "వయసు అంకుల్," అన్నాడు. నా వయసు ఫైలులో ఉంది. నేను చెప్పిన అలసట మాత్రం ఫైలులో రాయలేదు. అది నేను చూశాను.

తర్వాతి ఆదివారం చర్చిలో పాటకు లేచి నిలబడ్డాను. కళ్ల ముందు నల్లగా అయింది. ముందు బెంచీ మీదికి ఒరిగిపోయాను. ప్రార్థనలో ఉన్నానని అందరూ ఊరుకున్నారట. నా భార్య కరుణ ఒక్కతే, "ఈయన పాట నడుస్తాంటె మోకరించే మనిషి గాదు," అని పట్టుకుని లేపింది.

దవాఖానలో పల్స్ చూస్తే నలభై రెండు. డాక్టరు గోలీ సగం చేశారు. పది రోజుల తర్వాత కూడా నలభై ఎనిమిది దాటలేదు.

"డోస్ తగ్గించినా పల్స్ పెద్దగా పెరగడం లేదు. ఒక రోజంతా గుండె కొట్టుకోవడాన్ని రాసుకునే హోల్టర్ మిషన్ ఒంటికి పెట్టి చూద్దాం. అవసరమైతే పేస్‌మేకర్ ఆలోచించాలి," అన్నారు.

నాకు అనుమానం వచ్చింది. గోలీ ఇచ్చింది వాళ్లే, గోలీ వేసుకున్నాకే నీరసం, ఇప్పుడు గుండెలో మిషన్ కూడా వాళ్లే పెడతారట. ఇంటికి వచ్చి గోలీ పూర్తిగా మానేశాను. కరుణకు కూడా చెప్పలేదు.

మూడో రోజున మొదటిసారికంటే గట్టిగా దడ పట్టుకుంది. చెమటలు పోశాయి. ఆటోలో తీసుకుపోయారు. గోలీ మానేసిన సంగతి చెబితే డాక్టరు మండిపడ్డారు. "ఇది బీటా బ్లాకర్ అండీ. గుండె వేగాన్ని అదుపులో పెడుతుంది. ఒక్కసారిగా మానేస్తే దడ, బీపీ ఎగదన్నుతాయి. మీ ఇష్టానికి ఆపేది కాదు." ఆ తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. బీటా బ్లాకర్ అనే మాట నేను వినడం మాత్రం అదే మొదటిసారి. అన్ని రోజులూ మింగిన గోలీ పేరు వెనక సంగతి నాకెవరూ చెప్పలేదు.

మళ్లీ సగం గోలీ, మళ్లీ నీరసం. ఈసారి నా అనుమానం మెడికల్ షాపు రాజయ్య మీదికి పోయింది. ఎక్కువ పవర్‌ది ఇస్తున్నాడేమోనని స్ట్రిప్పులన్నీ పట్టుకెళ్లి కౌంటర్ మీద పోశాను.

"నలుగుట్ల నా ఇజ్జత్ తీస్తానవ్ సార్," అన్నాడు రాజయ్య. "చీటీల ఏమున్నదో అదే ఇచ్చిన. సదువుకున్నోనివి, సదువుకో జర."

ఆ మాటకు ఒళ్లు మండి, అతని మీద ఫిర్యాదు రాయడానికి కూర్చున్నాను. మందుల డబ్బాలు పారేసే అలవాటు నాకు లేదు. అన్నీ టేబుల్ మీద పరిచి, భూతద్దం పెట్టి బ్యాచ్ నంబర్లు ఎక్కించుకుంటున్నాను. కరుణ చుక్కల డబ్బా తెచ్చింది.

"చుక్కల టైమైంది. ఇది గూడ రాస్కో, దీన్నెందుకు ఇడుస్తానవ్?"

ఎగతాళికే అంది. నేను ఆ డబ్బాలోని మడతల కాగితం విప్పాను. చీమల్లాంటి అక్షరాల్లో టిమొలాల్ అని ఉంది. దాని పక్కనే బీటా బ్లాకర్ అని ఉంది. రెండుసార్లు చదివాను. కరుణతో కూడా చదివించాను.

మర్నాడు ఆ కాగితం డాక్టరు ముందు పెట్టాను. ఆయన దాన్ని దగ్గరికి లాక్కుని చదివారు. కంట్లో వేసిన చుక్క ముక్కులోకి దిగి రక్తంలో కలుస్తుందని, గోలీతో కలిసి అదీ గుండెను నెమ్మది చేసిందని తర్వాత చెప్పారు. కంటి డాక్టరుకు చీటీ రాశారు. ఆవిడ వేరే రకం చుక్కలకు మార్చింది. మూడు వారాల్లో పల్స్ అరవై నాలుగుకు వచ్చింది. పేస్‌మేకర్ మాట మళ్లీ రాలేదు.

రాజయ్య దగ్గరికి వెళ్లి పొరపాటు నాదని చెప్పాను.

"మరి నా మీద రాసిన కాయితం సింపినవా, దాసిపెట్టినవా?"

"దాసిపెట్టిన."

"నాకెర్కే," అని నవ్వి, నా సగం గోలీల స్ట్రిప్పు చేతిలో పెట్టాడు.

ఇప్పుడు పొద్దున్నే టేబుల్ దగ్గరికి నడిచే పోతున్నాను. చదివేవాళ్లకు చెప్పేది ఒకటే. ఏ డాక్టరు దగ్గరికి పోయినా గోలీలతో పాటు కంటి చుక్కలు, పీల్చే మందు, పూత మందు అన్నీ ఒకే కవర్లో వేసి పట్టుకెళ్లండి. అడగకపోయినా బయటికి తీసి చూపించండి.

ఇక నా గొడవ. నా ఫైలు కాపీ తీసుకుంటే చివరి పేజీలో ఇంగ్లీషులో ఒక వాక్యం ఉంది. కంటి మందు సంగతి పేషెంటు చెప్పలేదని. రేపు ఇంకో డాక్టరు అది చదివితే నన్ను మందులు దాచిపెట్టే మనిషి అనుకుంటాడు, నా మాట నమ్మడు. నన్ను గోలీల గురించి అడిగారు, నేను గోలీల గురించి చెప్పాను. ఆ వాక్యం ఎవరు రాశారు? ఎప్పుడు కొట్టేస్తారు? దవాఖానవాళ్లూ, మీరు నింపే ఫారంలో కంటి చుక్కలకు ఒక గీత ఎందుకు లేదు? నా మూడు దరఖాస్తులూ మీ దగ్గరే ఉన్నాయి, ఒకదాని మీద గ్లాసు మచ్చ కూడా ఉంటుంది. సంతకం పెట్టి జవాబు ఇవ్వండి.