టీచర్ తెమ్మన్న పైపు

మొన్న మా వంటింట్లో ఫిల్టర్ బిగించడానికి వచ్చినతను కొత్త ప్లాస్టిక్ పైపు చుట్ట విప్పాడు. ఆ వాసన తగలగానే సుగుణ టీచర్ గుర్తొచ్చారు. గుర్తొచ్చారు అనడం కూడా సిగ్గులేనితనమే. ఆవిడను నేనెప్పుడు మరిచాను గనక!

తొంభైల మొదట్లో అశోక్ నగర్‌లో కోచింగ్ తీసుకుంటూ, చిక్కడపల్లిలో ఆవిడ ఇంటి వెనక గదిలో కిరాయికి ఉండేదాన్ని. కెమిస్ట్రీ చెప్పి రిటైరైన మనిషి. ఏటా నల్లద్రాక్ష పిసికి, జాడీల్లో పులియబెట్టి, చర్చిలో ప్రభు భోజనానికి వైన్ చేసిచ్చేవారు. ఇరవై ఏళ్లుగా ఆ పని ఆవిడదే. భర్త పోయి, ఉద్యోగమూ అయిపోయాక ఆవిడను నలుగురూ తలుచుకునే సందర్భం అదొక్కటే. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ చూపించేవారు. తొందరపడితే మడ్డి లేస్తుందనేవారు. నా చదువుకూ అదే మాట చెప్పేవారు.

ఆ ఏడు, జాడీలోంచి తేట వైన్‌ను సీసాల్లోకి దించే పైపు పగిలిపోయింది. ఆవిడకు విపరీతమైన జలుబు. నన్ను పంపారు.

"నీళ్ల పైపు తేకు బిడ్డా, వాసన దిగుతది. నారాయణగూడల సర్జికల్ షాపుంటది, దవాఖాన్ల వాడే పైపు అడుగు. తెచ్చినంక వేడినీళ్లల్ల జర సేపు నానబెట్టి, ఆ నీళ్లు నోట్లె పోసుకొని చూడు. ఏ రుచీ రావొద్దు."

నారాయణగూడ దాకా ఎవరు పోతారు? క్లాసుకు టైమవుతోంది. సందు చివర హార్డ్‌వేర్ దుకాణంలో మేస్త్రీలు మట్టం చూసుకునే పైపు కనిపించింది. అదీ తెల్లగానే ఉంది కదా అని కొనేశాను. నానబెట్టలేదు, నోట పెట్టలేదు. "చూసిన టీచర్, ఏ రుచీ లేదు" అన్నాను. ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ అబద్ధం! ఆ పూటంతా వైన్ సన్నటి ధారగా ఆ పైపులోంచే దిగింది.

ఆదివారం చర్చిలో ఆ వైన్ గుక్క నోట పడగానే ఒక్కొక్కరూ మొహం చిట్లించారట. వారం తిరక్కుండా సంఘపెద్ద ఇంటికొచ్చాడు. "ఇగ మీకెందుకు టీచరమ్మా ఈ తిప్పలు, బజార్ల సీసాలు దొరుకుతున్నయ్ గదా" అన్నాడు, ఎంతో మర్యాదగా. ఆయనకు చాయ్ ఇచ్చి పంపించి, టీచర్ నా దగ్గరికి వచ్చారు.

"పైపు నువ్వు నోట్ల చూసినవ్ గదా?"

"చూసిన టీచర్."

"అయితే నా నాలుకనే చచ్చింది. జాడీల ఉన్నప్పుడు దినాం రుచి చూసిన, తెల్వనే లేదు."

అప్పుడైనా నోరు విప్పానా? లేదు. ఇవాళ ఆఫీసులో ఏ కాగితమైనా స్వయంగా చూడందే సంతకం చెయ్యను. జాగ్రత్త గల మనిషినని మెచ్చుకుంటారు. ఆ మెప్పు వింటే నామీద నాకే ఒళ్లు మండుతుంది.

ఆ రోజు నుంచి టీచర్ తన వంట తాను రుచి చూసుకోవడం మానేశారు. పప్పు దించే ముందు నన్ను కేకేసి, "జర ఉప్పు చూడు బిడ్డా" అని అరచేతిలో కొంచెం వేసేవారు. సరిపోయిందంటే మారుమాట లేకుండా దించేవారు. నేను ఆ ఇంట్లో ఉన్న ఇంకో రెండేళ్లూ, ఆవిడ నా నాలుకనే నమ్మారు.