సందులో గ్రహం

ఆ నక్షత్ర పరిశోధనశాలలో పెద్దాయనకు ఉన్నది ఒకటే జబ్బు: అనుమానం. గోడ గడియారాన్ని నమ్మక చేతి గడియారం చూసేవాడు. దాన్నీ నమ్మక పక్కవాణ్ణి అడిగేవాడు. వాడు టైము చెప్పగానే "నీకెవరు చెప్పారు?" అనేవాడు. అందరూ ఆయన్ని అనుమానాల మాస్టారు అనేవారు. ఆ పేరు ఎవరు పెట్టారన్న విషయంలో ఆయనకు అందరిమీదా అనుమానమే.

ఇంటినుంచి భార్య ఫోన్ చేస్తే "నువ్వేనా?" అనేవాడు. "కాదు, మీ రెండో పెళ్ళాన్ని" అనేది ఆవిడ. అప్పుడు మాస్టారు కాసేపు ఆలోచనలో పడేవాడు.

అలాంటి మనిషి దగ్గర పనిచేయాలని అక్కడ పరిశోధన చేసే ఓ అమ్మాయి నుదుట రాసిపెట్టి ఉంది. ఆమె చూసేది పసినక్షత్రాలను. కొత్తగా పుట్టిన నక్షత్రం చుట్టూ వాయువు, ధూళి కలిసి పెద్ద పళ్లెంలా తిరుగుతుంటాయి. ఆ ధూళే ఉండకట్టి గ్రహాలవుతుంది. ఒకరోజు అలాంటి ఓ పళ్లెంలో నల్లటి సందు కనిపించింది. పుడుతున్న గ్రహం తన దారిలోని ధూళిని ఊడ్చుకుంటూ పోతే అలాంటి సందు పడుతుంది. అమ్మాయి ఎగిరి గంతేసింది. మరి గంతెయ్యదూ? వచ్చే నెలతో ఆమె ఉద్యోగం గడువు అయిపోతోంది. ఆ గ్రహం నిజమేనని పరిశోధనశాల కమిటీ నమ్మితే పొడిగిస్తారు, లేకపోతే పెట్టే బేడా సర్దుకోవడమే.

"సార్, గ్రహం దొరికింది!"

"ఏదీ?"

"ఇదిగో, ఈ సందులో."

"సందు కనిపిస్తోంది. గ్రహమేదీ?"

"గ్రహం లేకపోతే సందెందుకు పడుతుంది సార్?"

"నా పళ్లలోనూ సందుంది. అక్కడ ఏ గ్రహం తిరుగుతోందమ్మా?"

అక్కడితో వదిలాడా? నీడ పడిందేమో అన్నాడు. టెలిస్కోపు తీసిన బొమ్మలో మసక తుడిచి శుభ్రం చేసేటప్పుడు కంప్యూటరే ఆ సందు చెక్కిందేమో అన్నాడు. "ధూళి లేని నక్షత్రం ఒకటి తీసుకుని అదే పద్ధతిలో శుభ్రం చెయ్యి. అక్కడా సందొస్తే దొంగ ఆకాశంలో లేడు, మన గదిలోనే ఉన్నాడు." చేసింది. సందు రాలేదు. "ఇంకో నక్షత్రంతో చెయ్యి" అన్నాడు. చేసీ చేసీ పాపం ఆమె ప్రాణం విసిగిపోయింది.

అనుమానం అంటుకునే జబ్బు. ఒక మధ్యాహ్నం అమ్మాయి కంప్యూటర్ గది అద్దంలోంచి చూస్తే, మాస్టారూ, అందరూ బాబాయి అని పిలిచే ఆ గది ఆపరేటరూ తలలు దగ్గరపెట్టి గుసగుసలాడుతున్నారు. తెరమీద ఉన్నది తన నక్షత్రమే! ఆమెను చూడగానే మాస్టారు తెర ఆపేశాడు.

"ఏంటి సార్ అది?"

"ఏది?"

"మీరు ఆపేసింది."

"ఆపేశాక ఇంకేముంటుంది?"

బాబాయి పైకప్పు చూస్తూ నిలబడ్డాడు. అమ్మాయి ఇక అక్కడ నిలవలేదు. ఇంటికి పరుగెత్తింది.

"అమ్మా, ఆయన నా గ్రహాన్ని కాజేస్తున్నాడు!"

"అంత పెద్దదాన్ని ఎక్కడ దాస్తాడే?" అంది తల్లి.

కమిటీ రోజు రానే వచ్చింది. అమ్మాయి చెప్పిందంతా విని డైరెక్టరు పెదవి విరిచాడు. "ఈ సందును ఇంకే టెలిస్కోపుతోనైనా చూశారా?"

పెద్ద టెలిస్కోపులో ఒక్క రాత్రి దొరకాలంటే ఏళ్లూ పూళ్లూ పడుతుంది. ఆమె "లేదు సార్" అనబోతుండగా మాస్టారు లేచి ఇంకో బొమ్మ తెరమీద పెట్టాడు. అదే నక్షత్రం, అదే సందు. ఆ సందులో చిన్న వెలుగు చుక్క. సాక్షాత్తూ గ్రహం!

"ఇదెవరు తీశారు?" అన్నాడు డైరెక్టరు.

"నేనే."

"పెద్ద టెలిస్కోపులో మీకా ఒక్క రాత్రి ఇచ్చింది మీ సొంత నక్షత్రం కోసం కదండీ! ఎన్నేళ్లు తిరిగి సంపాదించుకున్నారు!"

"నా నక్షత్రం ఎక్కడికి పోతుందండీ? ఇంకా కోట్ల ఏళ్లు అక్కడే ఉంటుంది. ఈ అమ్మాయి ఉద్యోగం వచ్చే నెల ఉండదు."

ఉద్యోగం నిలిచింది. వరండాలో అమ్మాయి ఆయనకు అడ్డం పడింది.

"ముందే చెప్పొచ్చుగా సార్!"

"చుక్క కనబడుతుందని నాకు నమ్మకం లేదమ్మా. చెప్పాక కనబడకపోతే నీకు లేనిపోని ఆశ పెట్టినవాణ్ణయ్యేవాణ్ణి."

ఆమెకు సిగ్గేసింది. "నేను మిమ్మల్ని దొంగనుకున్నాను సార్."

మాస్టారి ముఖం చాటంతైంది. "నన్నే! ఆధారం ఏమైనా ఉందా?"

"తెర ఆపేశారుగా."

"అదొక్కటే ఎలా సరిపోతుంది?" అన్నాడు మాస్టారు, ఆమెకు దారి ఇస్తూ. "నా బల్ల సొరుగులు కూడా వెతకాల్సింది."