ముల్లు కిందికి దిగిన రోజు

రాష్ట్రం కోసం సమ్మె నడుస్తున్న రోజులవి. దేవరుప్పులలో నేను లెక్కలు చెప్పే బడికి తాళం పడింది. పొద్దునంతా దీక్షా శిబిరంలో కూర్చునేవాణ్ని. మధ్యాహ్నం కాగానే జనగామలో మా ఇంటి వెనక వీధిలోని మెకానిక్ షెడ్డుకు వెళ్లేవాణ్ని. ఆ షెడ్డు చాచాది. నా చిన్నప్పటి నుంచీ మా వీధివాళ్లందరికీ ఆయన చాచానే.

భూపాలపల్లి దగ్గర ప్లాట్ల కోసం చదును చేసిన భూమిలో కొందరు కుర్రాళ్లు కార్ల పందెం పెడుతున్నారని తెలిసి, నా పాత కారును దానికోసం తయారు చేశాం. బరువు తగ్గాలని వెనక సీటు తీసేశాం, హీటర్ తీసేశాం. హీటర్‌కు ఇంజన్లోంచి నీళ్లు తీసుకుపోయే పైపు మూతికి రబ్బరు బిరడా పెట్టి క్లిప్పు బిగించింది నేనే.

పందెంలో మూడో చుట్టు తిరుగుతున్నాను. ముందు ఒక్క కారే ఉంది. వేడి చూపే ముల్లు ఎర్రగీత దాకా ఎక్కింది. ఆపుదామా అనుకునేంతలో ముల్లు గబగబా కిందికి దిగిపోయింది. హమ్మయ్య అనుకొని ఇంకా తొక్కాను. అర చుట్టు తిరిగానో లేదో, ఇంజన్ గరగరమని మూలిగి పట్టేసింది. కారు ఎర్రమట్టిలో జారుకుంటూ పోయి ఆగింది.

చాచా పరుగెత్తుకొచ్చి బానెట్ ఎత్తాడు. బిరడా లేదు.

"ముల్లు చూడలేదా బేటా?"

"చూసిన చాచా. ఎక్కింది, మల్ల తగ్గింది. మంచిగైందనుకున్న."

ఆయన అక్కడే మట్టిలో కూలబడ్డాడు. "తగ్గలే బేటా. నీళ్లన్ని పోయినయ్. నీళ్లు తాకితెనే ముల్లు వేడి చూపిస్తది. ఖాళీ అయినంక ఏం చూపిస్తది?"

క్లిప్పు సరిగ్గా బిగించలేదని ఒప్పుకున్నాను.

"నీ తప్పు కాదు. నువ్వు బిగించినంక నేను ఒకపారి చూసుకోవాలె. చూస్కోలే," అన్నాడు. ఆ మాటతో ఏడుపొచ్చింది నాకు. తిట్టినా బాగుండేది.

చాచా వచ్చిన జీపుకు తాడు కట్టి, కారును లాక్కుంటూ బయల్దేరాం. జీపు ఆయన నడిపాడు, కారు స్టీరింగు నేను పట్టుకున్నాను. పరకాల దాటాక రోడ్డు బంద్. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి ఆడవాళ్లు వంటావార్పు చేస్తున్నారు. ఒక అవ్వ కారులోకి తొంగి చూసింది.

"ఏమైంది బిడ్డా, గింత పరేషాన్ల ఉన్నవ్?"

"నీళ్లు లేక ఇంజన్ పట్టేసిందవ్వా."

"బండి సంగతి అటెన్క. నువ్వేమన్న తిన్నవా? దిగు, దిగు."

విస్తరాకుల్లో అన్నం, టమాట పప్పు పెట్టింది. చాచా నేనూ రోడ్డు మీదే పక్కపక్కన కూర్చుని తిన్నాం. ఉద్యమంలో ఉండాల్సినవాణ్ని పందేనికి పోయొచ్చానని సిగ్గేసింది. మారు వడ్డిస్తున్న అవ్వకు ఆ సంగతి చెప్పేశాను. ఆమె పకపకా నవ్వి, "గెలిస్తే గీ అన్నం దొరకకపోవు," అంది.

పొద్దు వాలుతుంటే దారి వదిలారు. జనం మా కారును నెట్టి సాగనంపారు. ఇంజన్ చప్పుడు లేని కారులో, దించిన అద్దాల్లోంచి వాళ్ల నినాదాలు చాలా దూరం వినిపించాయి.

ఆ ఇంజన్ మళ్లీ పనికి రాలేదు. వారం రోజులు కష్టపడి చాచా ఇంకో పాత ఇంజన్ ఎక్కించాడు. వెనక సీటు పెట్టేశాం. తర్వాత నాలుగేళ్లు అదే కారులో బడికి పోయాను. రాష్ట్రం వచ్చిన రోజు సాయంత్రం చాచాను ముందు సీట్లో కూర్చోబెట్టుకొని జనగామంతా తిప్పాను. ఆయన కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, తెలిసినవాళ్లకూ తెలియనివాళ్లకూ సలాం చేస్తూనే ఉన్నాడు. ఇప్పుడు చాచా లేడు. ఆ షెడ్డు ఉన్నచోట మందుల దుకాణం వచ్చింది. ఆ వీధిలోకి వెళ్లినప్పుడల్లా నా నడక దానంతటదే నెమ్మదిస్తుంది.