ఆ కుర్చీకి తగిన మొహం

మా అమ్మాయి డైరెక్టర్ ఉద్యోగం ఇంటర్వ్యూకి తయారవుతూ, ప్రశ్నలన్నీ తెలుగు అక్షరాల్లో రాసి నా చేతికిచ్చింది. మాటలు ఇంగ్లీషువే, అక్షరాలు మాత్రం మనవి. నేను అడగాలి, తను జవాబు చెప్పాలి. అమెరికాలో, ఫ్రిస్కోలోని ఇంట్లో ఆ వారమంతా సాయంత్రాలు మా వంటగది బల్ల దగ్గర అదే పని. నలభై ఆరేళ్ళకు చదవడం నేర్చుకున్నదాన్ని, ఇప్పటికీ వేలు పెట్టుకుని కూడబలుక్కుంటాను.

మూడో రోజు ఒక మాట దగ్గర ఆగాను. “ఎగ్జిక్యూటివ్ ప్రెజెన్స్. ఇదేంటే?”

“గదిలోకి రాగానే లీడర్‌లా అనిపించాలి. దానికీ మార్కులుంటాయమ్మా.”

“చూడగానే ఎలా తెలుస్తుంది?”

మా అల్లుడు పెనం మీద చపాతీ తిప్పుతూ నవ్వాడు. “ఆరడుగుల తెల్లాయన అయితే ఇట్టే తెలిసిపోతుంది అత్తయ్యా. ఆ కంపెనీ పెద్ద పోస్టుల్లో అందరూ అలాంటివాళ్ళే. అందుకే ఈసారి మీ అమ్మాయికి ఛాన్స్. డైవర్సిటీ కావాలి వాళ్ళకి, అన్ని రకాలవాళ్ళూ ఉన్నారని చూపించుకోవాలి.”

అమ్మాయి పెన్ను బల్ల మీద పడేసింది. “నువ్వూ అదే అన్నావా? ఆఫీసు లంచ్‌లో ఒకడు, మన తెలుగువాడే, ‘నీకేం, ఆడదానివి, బ్రౌన్, వాళ్ళ లెక్కల్లో రెండు గడులకి టిక్కులు’ అన్నాడు. వచ్చినా జీవితాంతం అదే అంటారు. రేపు విత్‌డ్రా అవుతా. మెయిల్ కూడా డ్రాఫ్ట్ చేసేశా.”

నాకు ఒక సందేహం వచ్చింది. మన దేశంలో రిజర్వేషన్ వల్లే తనకు మంచి కాలేజీలో సీటు పోయిందని మా అల్లుడు ప్రతి పార్టీలోనూ చెబుతాడు.

“అక్కడ తప్పయింది ఇక్కడ ఒప్పెలా అయింది బాబూ?”

“అది వేరు అత్తయ్యా.”

“ఏది వేరు?”

చపాతీ మాడిన వాసన వచ్చింది.

అప్పుడు నా సంగతి చెప్పాను. మా ఊళ్ళో పంచాయతీ ఎన్నికల్లో మా వార్డు ఆడవాళ్ళకు కేటాయించినప్పుడు నన్ను నిలబెట్టారు, గెలిచాను. పంచాయతీ తీర్మానాల పుస్తకంలో మొదటిసారి వేలిముద్ర వేస్తే పక్కవాళ్ళు నవ్వారు. ఆ నవ్వు భరించలేకే పలక పట్టాను. ఏడాదికి సంతకం వచ్చింది, రెండేళ్ళకు ఆ పుస్తకం చదవడం వచ్చింది.

“అయితే ఆ రోజు మీకు మెరిట్ ఉన్నట్టా, లేనట్టా?” అల్లుడు ఎగతాళికి అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

“చదువు లేదు. కుళాయి ఏ మలుపులో వేస్తే అందరికీ అందుతుందో తెలుసు. నా మీద ఓడిపోయినావిడ చదువుకుంది. ఆవిడైతే ఇంకా బాగా చేసేదేమో, ఎవరికి తెలుసు?”

“ఎప్పుడూ అనిపించలేదా అమ్మా, ఇది నాది కాదని?” అంది అమ్మాయి.

“మొదట్లో రోజూ అనిపించేది. కుళాయి వచ్చాక ఆ ఆలోచనకి తీరిక దొరకలేదు.”

తను కాసేపు ఫోన్ చూసుకుంది. డ్రాఫ్ట్ తీసేసిందని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం, “ఆ ప్రశ్న మళ్ళీ అడుగు” అంది.

ఇంటర్వ్యూ రోజు తను తిరిగొచ్చి చెప్పులు విడవకముందే ఎదురెళ్ళాను. “ఆ ప్రెజెన్స్ గురించి అడిగారా?”

“నేనే అడిగానమ్మా. ఆ మార్కులు దేన్ని చూసి వేస్తారని.”

“ఏమన్నారు?”

“ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.”