మీవాళ్ళెవరండీ?

1937 ఏప్రిల్ 12, సోమవారం, ఉదయం పది గంటల నలభై నిమిషాలకు మా లారీ అఫ్గాన్ సరిహద్దున వజీరిస్తాన్ కొండల మధ్యనున్న శిబిరం ముందు ఆగింది. చుట్టూ ఛాతీ ఎత్తు రాతిగోడ. లోపల గుడారాలు, రెండు నీటి ట్యాంకులు, కంచరగాడిదల వరుస. చెట్టు లేదు. కొల్లేటి అంచున పెరిగిన నాకు, ఎటు చూసినా రాయే ఉన్న నేలను చూడడం అదే మొదటిసారి.

మాది మద్రాసు సాపర్ల సెక్షన్. సాపర్లంటే రోడ్లు, వంతెనలు వేసే సైనికులు. నలభై ముగ్గురం. నేను గుమస్తాను. భీమడోలు దగ్గర మా నాన్నగారు పొలాల్లో కూలిపని చేసేవారు. మిషను బడివారి దయవల్ల మా ఇంట్లో బి.ఏ. వరకు చదివిన మొదటివాడిని నేనే.

దిగగానే ఒక నాయక్, అంటే పదిమంది సైనికుల మీద ఉండే చిన్న అధికారి, నా ట్రంకుపెట్టె అందుకున్నాడు. మూత మీద రాసిన ఊరి పేరు చదివి నిలబడిపోయాడు.

"భీమడోలా అండీ! మీవాళ్ళెవరండీ?"

చెప్పాను.

"మాది ఏలూరండీ, తంగెళ్ళమూడి. మావాళ్ళు తివాచీలు నేస్తారు. పదండి, టీ తాగుదురుగాని."

మీవాళ్ళెవరండీ అన్నది, కొత్త మనిషిని ఇంట్లోకి పిలవడానికి మన జిల్లాలో అడిగే ప్రశ్న. అంత దూరాన అది వినబడేసరికి పెట్టె సంగతి మరిచిపోయి ఆయన వెంట నడిచాను.

అందరూ ఆయనను తివాచీ నాయక్ అనేవారు. వంతెన దూలాలకు తాళ్ళు బిగించేటప్పుడు, మగ్గం దగ్గర నేతగాళ్ళు ఏ ముడికి ఏ రంగో పలికినట్టు, ముడి ముడికీ పాటగా లెక్క పలికేవాడు. ఆయన వేసిన ముడి ఊడగా నేను చూడలేదు. మా వంటాయనది తాడేపల్లిగూడెం. ఆ ముడుల మీద ఆయనకు రోజూ ఫిర్యాదే.

"నాయక్ గారూ, మీ ముడి విప్పలేక బియ్యం బస్తా కోసుకోవాల్సి వచ్చిందండీ."

"మీ పులుసు తిన్నాక నా నడుం పట్టీ ఒక్కటే సులువుగా విప్పగలుగుతున్నానండీ."

కొండమీది కాపలా నుంచి ఫీల్డు టెలిఫోనులో, ఎవరైనా విన్నా అర్థం కాకుండా, మేము తెలుగే మాట్లాడేవాళ్ళం. కొండమీద కనబడే మనుషులకు పిట్టల పేర్లు పెట్టింది నాయకే. ఉత్త చేతులతో కనిపించే మనిషి కొంగ. తుపాకి ఉన్నవాడు గూడబాతు, దాని ముక్కు తుపాకి అంత పెద్దది కాబట్టి.

"కింద ఎవరండీ? గట్టుమీద నాలుగు కొంగలు."

"గూడబాతులేమో సరిగ్గా చూడండి."

"చూశానండీ. మేకలున్నాయి. కొంగలే."

సరిగ్గా చూడకుండా గూడబాతు అని చెప్పినవాడికి ఆయన మరునాడంతా రాళ్ళు మోయించేవాడు.

జూన్ 3. ఉదయం ఏడు గంటల పదిహేను నిమిషాలు. అప్పటికే రాయి కాలుతోంది. రోడ్డు మలుపు దగ్గర మా పనివాళ్ళ మీద కాల్పులు మొదలయ్యాయి. పదకొండు నిమిషాలు సాగాయి. కాల్చినవాళ్ళు దొరల మీద తిరగబడ్డ అక్కడి కొండజాతి ముస్లిములు, అల్లా పేరు అరుస్తూ కాల్చారు. ఇద్దరు పోయారు. ఒకడు సాపరు, వంటాయనకు అక్క కొడుకు. రెండోవాడు కంచరగాడిదలను తోలే పంజాబీ ముస్లిం.

ఆ పంజాబీ శరీరాన్ని, తనూ ముస్లిమే కనుక, నాయకే కడిగాడు. నమాజు చేయించి సమాధిలో దింపాడు. పదిన్నరకు, మోచేతుల దాకా మట్టితో వంటశాల దగ్గరకు వచ్చి నీళ్ళడిగాడు. వంటాయన కప్పు తియ్యలేదు.

"మీవాళ్ళే కదండీ చంపింది" అన్నాడు.

నేను అక్కడే ఉన్నాను. వంటాయనను వారించవలసినవాడిని. చదువుకున్నవాడిని కదా, అదే మాటను మర్యాదగా అడిగాను.

"మీవాళ్ళెందుకిలా చేస్తున్నారండీ, నాయక్ గారూ?"

ఆయన తన చేతులు చూసుకున్నాడు. "ఇప్పుడు నేను మట్టిలో పెట్టొచ్చినవాడు ఎవరివాడండీ, గుమస్తా గారూ?" అని వెళ్ళిపోయాడు. నీళ్ళు తాగలేదు.

మరునాడు పైనుంచి ఉత్తర్వు వచ్చింది. సెక్షన్లోని ఏడుగురు ముస్లిములు దాడిని ఖండిస్తూ, విధేయత ప్రకటిస్తూ ఒక కాగితం మీద సంతకం చెయ్యాలి. చెయ్యనివారు కొండల కింద ఉన్న బన్నూ పట్నానికి దిగిపోవాలి, హోదా పోతుంది. కాగితం టైపు చేసింది నేనే. ఆరుగురు తలెత్తకుండా సంతకం చేశారు. నాయక్ చెయ్యలేదు.

నాయక్‌కు పై అధికారి అయిన మా జమేదారు పెద్దమనిషి, వేలూరు వైపు తెలుగాయన. బతిమాలినంత పనిచేశాడు.

"సంతకమే కదయ్యా. పెట్టేస్తే పోయె!"

"వాళ్ళు చేసింది మహాపాపం అండీ. అడిగినా అంటాను, అడక్కపోయినా అంటాను. కానీ సైన్యంలో చేరిననాడు బెంగుళూరులో ఖురాను మీద చెయ్యిపెట్టి ఒకసారి ప్రమాణం చేశాను. అందరూ మళ్ళీ చేస్తే నేనూ చేస్తాను. ఏడుగురమే చెయ్యాలంటే చెయ్యనండీ."

"లారీ రేపు తొమ్మిదింటికి."

"తెలుసండీ."

నేను గుడారంలోకి వచ్చి కూర్చున్నాను. ఉప్పు ఉద్యమపు రోజులు గుర్తొచ్చాయి. పోలీసులు లాఠీలతో కొట్టిన మరునాడు కొందరు మా పేటకు వచ్చి, "మీ దొరలు ఇలా కొట్టారే, ఏమంటావు?" అని మా నాన్నగారిని నిలదీశారు. చర్చికి వెళ్ళడం తప్ప దొరలతో ఆయనకేమీ సంబంధం లేదు. ఒక్క దొరతోనూ ఎన్నడూ మాట్లాడి ఎరగరు. తువ్వాలు మడతపెట్టుకుంటూ, విప్పుకుంటూ అలాగే నిలబడ్డారు. ఆ రోజు నాకు ఎంత కోపం వచ్చిందో నాకు తెలుసు. అటువంటి నేనే నిన్న ఆ ప్రశ్న అడిగాను.

టైపు మిషనులో కొత్త కాగితం పెట్టాను. "ముస్లిములమైన మేము" అన్నచోట "ఈ సెక్షనువారమైన మేము" అని కొట్టాను. కింద, పోయిన సాపరు పోను, నలభై రెండు పేర్లు. మొదటి సంతకం నాదే. మా సెక్షను అధికారి లెఫ్టినెంటు దొర దగ్గరకు పట్టుకెళ్ళాను.

"నేను అడిగింది ఇది కాదు" అన్నాడు.

"కాదండీ. పైవారు కోరిన మాటలన్నీ ఇందులో ఉన్నాయి."

కాగితం మళ్ళీ మొదటినుంచి చదివాడు. నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. చివరకు, సాయంత్రం అయిదులోగా అన్ని సంతకాలూ ఉంటే దీన్నే పంపుతానన్నాడు. ఒక్కటి తగ్గినా మొదటి కాగితమే వెళ్తుంది.

నాలుగున్నరకు నలభై అయ్యాయి. నాయక్, వంటాయన మిగిలారు. అందరూ పెట్టాకే పెడతానని నాయక్ మాట. కాగితం, సిరాదిమ్మ తీసుకుని వంటశాలకు వెళ్ళాను. నాయక్ బకెట్టుతో ట్యాంకు దగ్గర నిలబడి ఉన్నాడు.

వంటాయన గరిటె విసిరికొట్టాడు.

"నేనెందుకు వెయ్యాలండీ వేలిముద్ర? నేనేం చేశానండీ? చచ్చినవాడు మా అక్క కొడుకు! నన్ను అడుగుతారేంటండీ?"

నాయక్ బకెట్టు కింద పెట్టాడు.

"నేనూ అదే అడుగుతున్నానండీ" అన్నాడు, చాలా నెమ్మదిగా.

వంటాయన ఆయన వైపు తిరిగాడు. పొయ్యిమీద పులుసు పొంగింది. ఆయన దించలేదు. కాసేపటికి లుంగీకి చెయ్యి తుడుచుకుని, బొటనవేలు సిరాలో ఒత్తి, కాగితం మీద వేశాడు. తరువాత అదే చేత్తో తెల్లటి ఎనామెల్ కప్పు అందుకుని, నిండా నీళ్ళు ముంచి నాయక్‌కు ఇచ్చాడు.

"తాగండి. నిన్న మీరడిగినవి."

నాయక్ మొత్తం తాగాడు. అప్పుడు కలం అడిగాడు. అయిదుకు పది నిమిషాలు తక్కువ.

మరునాడు తొమ్మిదింటి లారీ ఖాళీగా దిగిపోయింది.

1938 ఫిబ్రవరిలో ముగ్గురం కలిసి సెలవు మీద వచ్చాం. ఏలూరు స్టేషనులో నాయక్ వాళ్ళ అమ్మగారు నిలబడి ఉన్నారు. నాయక్ పెట్టె పట్టుకుని దిగిన నన్ను చూసి, "మీవాళ్ళెవరు బాబూ?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే వంటాయన రైలు కిటికీలోంచి అరిచాడు.

"మేమేనమ్మా! మీవాడి ముడులు విప్పలేక గోళ్ళన్నీ పోయాయి!"

అక్కడ పనిచేసినందుకు అందరితోపాటు నాకూ మెడల్ వచ్చింది. అది ఏ పెట్టెలో ఉందో వెతకాలి. ఆ కప్పు మాత్రం కళ్ళ ముందు నుంచి పోదు. తెల్లటి ఎనామెల్, దానిమీద ఇంకా ఆరని నల్లటి వేలిముద్ర, ఆ వేలిముద్ర మీదే వేలు వేసి పట్టుకుని తాగుతున్న నాయక్.

ఆ తరువాత మా సెక్షన్లో ఏడుగురి కోసం వేరే కాగితం రాలేదు. నేను సైన్యం వదిలి భీమడోలులో బడిపంతులునయ్యాను. మీవాళ్ళెవరండీ అని ఇప్పటికీ కొత్తవారిని అడుగుతాను. మీవాళ్ళెందుకిలా చేశారని మళ్ళీ ఎవరినీ అడగలేదు.